హన్నిబాల్ విమానం గురించి

మా కోనసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలపు రాజకీయాలు చదువుతుంటే, జస్టిస్ పార్టీ నాయకుడు సర్ ఎ.టి. పన్నీర్‌సెల్వం లండన్ వెళ్తూ విమానంతో సహా గల్లంతైన సంగతి నన్ను ఆపేసింది. ఆ విమానం పేరు హన్నిబాల్.

హ్యాండ్లీ పేజ్ సంస్థ తయారుచేసిన ఈ హెచ్.పి.42 రకం విమానం మొదటిసారి 1930 నవంబరులో ఎగిరింది. ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు, పై రెక్కకు రెండు, కింది రెక్కకు రెండు ఇంజిన్లు, సుమారు 40 మీటర్ల రెక్కల వెడల్పు ఉన్న ఆ భారీ యంత్రం గంటకు దాదాపు 160 కిలోమీటర్ల నింపాది నడకతో బ్రిటిష్ విమానయాన సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తరఫున కైరో, కరాచీల మధ్య ప్రయాణికులను చేరవేసేది. ఇలాంటివి ఎనిమిదే తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వీటిలో ఒక్క ప్రయాణికుడి ప్రాణమూ పోలేదన్నది నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

1940 మార్చి 1న ఇరాన్‌లోని జాస్క్ నుంచి షార్జాకు బయలుదేరిన హన్నిబాల్ ఒమన్ సింధుశాఖ మీద ఎనిమిది మందితో అదృశ్యమైంది. కారణం తేలలేదు. మిగిలిన ఏడింటిలో ఒకటి 1937లోనే కాలిపోయింది, ఆరు యుద్ధకాలంలో నాశనమయ్యాయి. ఒక్కదాన్నయినా ప్రదర్శనశాలలో నిలబెట్టి ఉండవలసింది.