మెదక్ చర్చి నీడలో మా పొయ్యి

మా ఇంట్లో క్రిస్మస్ ఎల్లిగడ్డ పొట్టుతో మొదలవుతుంది. డిసెంబర్ 24 సాయంత్రం నుంచే నానమ్మ చాప మీద కూర్చుని ఒలుస్తూ ఉంటుంది. ఎనభై దాటాయి, వేళ్ళు వంకర తిరిగాయి. అయినా ఒక్కో రెబ్బను బొటనవేలి గోరుతో గీరి, పొట్టు ఒకే ముక్కగా ఊడేలా లాగుతుంది. మిక్సీ పట్టిన అల్లం వెల్లుల్లి ముద్ద కొనుక్కుందామని ఓసారి వదిన అంటే, "మరి నేనేం చెయ్యాలె బిడ్డా?" అని అడిగింది. ఆ మాట తర్వాత మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

పెద్దబాపు, బాపు, చిన్నాయన కుటుంబాలు, ఇద్దరు మేనత్తలు, పిల్లలు కలిపి మేం పంతొమ్మిది మందిమి. ఏటా క్రిస్మస్‌కు మెదక్ వెళ్తాం. సిద్దిపేట వైపు నుంచి రామాయంపేట మీదుగా డీసీఎంలో రెండు గంటల పైనే పడుతుంది. వెనక గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేస్తాం. కట్టెలు, బియ్యం, పెద్ద బగోనె, నీళ్ళ డ్రమ్ములు ఓ మూల. చలికి పిల్లలు ఒకరినొకరు అతుక్కుని పడుకుంటారు. అత్తలు పాటలు ఎత్తుకుంటే దారి పొడుగునా పాటలే.

ఈసారి మాత్రం పాటలు అంతగా సాగలేదు. పొలం గట్టు విషయంలో వానాకాలంలో మాటామాటా పెరిగి, అప్పటినుంచి పెద్దబాపు, బాపు మాట్లాడుకోవడం లేదు. పెద్దబాపు డ్రైవర్ పక్కన కూర్చున్నాడు, బాపు వెనక డ్రమ్ముల దగ్గర. మా అందరికీ లోపల టెన్షనే. ఇద్దరూ బయల్దేరారు, అది చాలనుకున్నాను.

మెదక్ చేరేసరికి ఇంకా చీకటే. అప్పటికే జనం నడుస్తున్నారు, చేతుల్లో కొవ్వొత్తులు, చంకల్లో పిల్లలు. మన క్రైస్తవులే కాదు, మొక్కులున్న ఎవరైనా వస్తారక్కడికి. ముందు గోపురం కనిపిస్తుంది, 175 అడుగుల ఎత్తు. ఎన్నిసార్లు చూసినా నాకు మొదట వచ్చే మాట "అబ్బా" అనే.

ఆ చర్చి కథ నానమ్మ చెప్పగా మాకు వచ్చింది. ఆమె పుట్టినూరు మెదక్ దగ్గరే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ ప్రాంతంలో కరువు వచ్చింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చి తిండి పెట్టాడు. ఆ పనే ఈ చర్చి. పదేళ్ళు కట్టి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. నానమ్మ వాళ్ళ తాత అక్కడ రాళ్ళు మోశాడట. "దానం తీసుకోలె, పని చేసి తిన్నరు" అంటుంది, ప్రతిసారీ అదే మాట, అదే గట్టి గొంతుతో.

అందుకేనేమో, మెదక్ పోతే మాలో చుట్టాలంటూ ఎవరూ ఉండరు. అందరికీ పని ఉంటుంది. సగం మంది తెల్లవారుజాము ఆరాధనకు పోతే, మిగతా సగం ఆవరణ బయట చెట్ల కింద పొయ్యి పెడతారు. తర్వాత వాళ్ళొచ్చి వీళ్ళను పంపుతారు. నేను ఎప్పుడూ మొదటి గుంపులోనే పోయేవాణ్ణి. ఈసారి కట్టెల పని నాకు పడింది. పచ్చి కట్టె పొగకు కళ్ళు మండుతుంటే, లౌడ్‌స్పీకర్లో పాట వినబడుతుంటే, ఉల్లిగడ్డలు కోస్తూ అత్తలు ఆ పాటే అందుకుంటే, ఆరాధన అక్కడా జరుగుతున్నట్టే ఉంది.

బగారా అన్నం ఉడికింది. బగోనె దించాలి. ఎప్పుడూ చిన్నాయన, బావ దించేవాళ్ళు. నానమ్మ పీట మీద నుంచి లేవకుండానే పిలిచింది. "పెద్దోడా, నువ్వు ఆ పక్క పట్టు. నడిపోడా, నువ్వు ఈ పక్క."

ఎవరూ మాట్లాడలేదు. తడిపిన గోనెసంచి ముక్కలు ఇద్దరూ తీసుకున్నారు. వంగి పట్టారు. పైకి లేచిన బగోనె బాపు వైపు కొద్దిగా ఒరిగింది.

"ఆగురా, నీ దిక్కు వాలుతుంది" అన్నాడు పెద్దబాపు.

"పట్టిన అన్నా, నువ్వు అడుగెయ్యి."

నాలుగడుగులు వేసి కింద పెట్టారు. ఐదు నెలల తర్వాత వాళ్ళ మధ్య నడిచిన మాటలు అవే. అత్త గబుక్కున కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత మా గుంపు లోపలికి వెళ్ళింది. తెల్లవారుజామున పోయినప్పుడు ఆ పెద్ద కిటికీలు నల్లగానే ఉంటాయి. వాటికి సూర్యుడి వెలుతురు కావాలి. ఇన్నేళ్ళలో మొదటిసారి నిండు ఎండలో చూశాను. గాజు ముక్కల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. పశువుల పాక ముందు నుంచి కదలాలనిపించలేదు. వెనక జనం తోస్తున్నా కాసేపు అలాగే నిలబడ్డాను.

తిన్నాక నానమ్మను గోడ దగ్గరికి నడిపించుకెళ్ళాను. ఇది ఏటా ఉండేదే. తాత మోసిన రాయి ఏదో ఆమెకు తెలియదు. చేతికి అందిన రాయి మీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది. వేళ్ళకు ఇంకా ఎల్లిగడ్డ వాసనే. "కొడుకులు ఇద్దరూ మోసిండ్రు ఇయ్యాల" అంది మెల్లగా. నాతోనో, రాయితోనో.

మేం తిరిగి వచ్చేసరికి పిల్లలు విస్తరాకులు ఏరుతున్నారు. వదిన బూడిదతో బగోనె తోముతోంది. గట్టు సంగతి ఇంకా తేలలేదు, జనవరిలో కొలిపించుకుందామని అనుకున్నారట. ఖాళీ బగోనెను చిన్నాయన ఒక్కడే భుజాన వేసుకోబోతే, పెద్దబాపు ఓ అంచు పట్టుకున్నాడు. రెండో అంచు బాపు పట్టుకున్నాడు.