నొక్కగలరా అని కాదు, వదలగలరా అని చూడండి

పవర్ వీల్‌చెయిర్‌కి కంట్రోలు ఎంచేటప్పుడు చాలామంది చూసేది చెయ్యి ఎంత కదులుతోంది, ఎంత గట్టిగా నొక్కుతోంది అన్నదే. అది సగం లెక్క. నొక్కిన వేలు అనుకున్న క్షణాన వెనక్కి రాకపోతే ఆ వేలితో బండి నడపకూడదు. బలం పెద్దగా లేకపోయినా కావాలన్నప్పుడు కదిలి, చాలన్నప్పుడు ఆగే అవయవం ఏదైనా పనికొస్తుంది. గడ్డం, బుగ్గ, మోకాలి పక్క, కాలి బొటనవేలు, ఏదైనా సరే.

బండి లోపల ఏముందో తెలిస్తే కారణం అర్థమవుతుంది. సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపి 24 వోల్టులు చేస్తారు. రెండు పెద్ద చక్రాలకు చెరో మోటారు. స్టీరింగ్ అంటూ విడిగా ఉండదు. ఎడమ మోటారు నెమ్మదిస్తే బండి ఎడమకు తిరుగుతుంది, రెండూ ఎదురు దిశల్లో తిరిగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మోటార్ల బ్రేకులు స్ప్రింగు బలంతో ఎప్పుడూ పట్టే ఉంటాయి, కరెంటు అందితేనే వదులుతాయి. కాలి కింద బ్రేకు పెడల్ ఏమీ లేదు. జాయ్‌స్టిక్ (తోసిన పక్కకి బండిని నడిపే కాడ) నడిమికి వచ్చిందని తెలియగానే కంట్రోలర్, అంటే మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, మోటార్ల వేగం తగ్గించి, బండి నిలిచాక బ్రేకులు పట్టిస్తుంది. అంటే చెయ్యి వదలడమే బ్రేకు వేయడం.

జాయ్‌స్టిక్ నుంచి కంట్రోలర్‌కి వెళ్లేది చిన్న వోల్టేజి. 5 వోల్టుల జాయ్‌స్టిక్ అయితే నడిమిన 2.5 దగ్గర నిలుస్తుంది, ఒక పక్కకి తోస్తే పెరుగుతుంది, రెండో పక్కకి తోస్తే తగ్గుతుంది. మంచి జాయ్‌స్టిక్‌లలో ఈ సంకేతం రెండు దారుల్లో వెళ్తుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే కంట్రోలర్ బండిని ఆపేస్తుంది. అందుకే బొమ్మ రిమోటు నుంచి తీసిన జాయ్‌స్టిక్‌ని మధ్యలో వైరు కలిపి పెట్టే పని వద్దు. నడిచినట్టే ఉంటుంది గానీ వైరు తెగినప్పుడు గుర్తుపట్టే కాపలా పోతుంది.

ఆన్ చేసేటప్పటికే జాయ్‌స్టిక్ పక్కకి వాలి ఉంటే బండి కదలదు, తెర మీద ఎర్రర్ చూపిస్తుంది. బండి పాడైందని కంగారుపడతారు గానీ చాలాసార్లు కారణం చొక్కా చెయ్యి దాని మీద పడి ఉండటమో, కింద ఉన్న రబ్బరు తొడుగు మెలిపడటమో. ఆఫ్ చేసి, తొడుగు సరిచేసి, చెయ్యి పూర్తిగా తీసి మళ్లీ ఆన్ చేస్తే సరి.

జాయ్‌స్టిక్ కుదరడం లేదని తీసేసే ముందు దాని పిడి మార్చి చూడండి. బంతి ఆకారం, టీ ఆకారం, మణికట్టును రెండు పక్కలా పట్టి ఉంచే యూ ఆకారం, ఇలా చాలా ఉన్నాయి. కాడ పొడవు పెంచితే తక్కువ బలం చాలు, కానీ చెయ్యి ఎక్కువ దూరం కదలాలి. బలం ఉండి కదలిక లేనివాళ్లకి పొట్టి కాడ, కదలిక ఉండి బలం లేనివాళ్లకి పొడుగు కాడ. రెండూ తక్కువైతే మినీ జాయ్‌స్టిక్ ఉంది. కొన్ని గ్రాముల తోపుడుకే, కొన్ని మిల్లీమీటర్ల కదలికకే పలుకుతుంది. దాన్ని గడ్డం కిందో, పెదవి దగ్గరో, ఒళ్లో ట్రే మీదో బిగించవచ్చు.

బండి ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతోందంటే సెట్టింగులు మార్చే ప్రోగ్రాం తెరవకముందు చేతివాలు (ఆర్మ్‌రెస్ట్) ఎత్తు కొలవండి. అది రెండు సెంటీమీటర్లు కిందికి ఉన్నా భుజం వాలి, మోచెయ్యి బయటికి జారి, ముంజెయ్యి తన బరువుతోనే జాయ్‌స్టిక్‌ని పక్కకి ఈడుస్తుంది. స్క్రూ వదులు చేసి చేతివాలు పైకి లేపితే తీరే బాధకి సాఫ్ట్‌వేర్‌లో మందు వెతికేవాళ్లే ఎక్కువ. కూర్చునే తీరు కుదిరాకే కంట్రోలు సంగతి.

జాయ్‌స్టిక్ అస్సలు కుదరకపోతే తల, ఊపిరి, స్విచ్‌లు. వీటిని కంట్రోలర్‌కి కలపడానికి మధ్యలో ఒక ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ ఉంటుంది. దానికి సాధారణంగా జాయ్‌స్టిక్ తరహా పరికరాల కోసం 9 పిన్నుల సాకెట్, విడి స్విచ్‌ల కోసం 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు ఉంటాయి. వైకల్యం ఉన్నవాళ్లు వీడియో ఆటలు ఆడేందుకు 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌లోనూ ఇవే 3.5 సాకెట్లు 19 ఉన్నాయి. కాబట్టి బండి మీద పెట్టబోయే స్విచ్‌ని ముందు ఆటలో పెట్టి నెలరోజులు సాధన చేయవచ్చు. గోడకి గుద్దినా ఖర్చు లేదు.

ఈ 3.5 పిన్ను దగ్గర ఒక తిరకాసు ఉంది. కొన్ని సాకెట్లు స్టీరియో: ఒకే రంధ్రంలో రెండు స్విచ్‌లు. అందులో మోనో పిన్ను, అంటే ఒకే స్విచ్‌కి సరిపోయేది, గుచ్చితే దాని పొడవాటి లోహపు భాగం రెండో స్విచ్ తీగని గ్రౌండ్‌కి (రెండు స్విచ్‌ల ఉమ్మడి తీగకి) కలిపేస్తుంది. ఎవరూ ముట్టకుండానే రెండో స్విచ్ నొక్కి పట్టినట్టు ఉంటుంది. స్విచ్ బాగానే ఉంది, బండి వింతగా ఉంది అంటే మొదట పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టండి. ఒకటైతే మోనో, రెండైతే స్టీరియో. తర్వాత మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, పిన్ను దగ్గర వైరుని అటూ ఇటూ వంచుతూ స్విచ్ నొక్కి వదలండి. నొక్కి ఉండగా బీప్ ఆగి ఆగి వస్తే వైరు లోపల తెగినట్టు. వైరు పిన్నులోకి దూరే చోటే ఎక్కువగా తెగుతుంది.

గొట్టం నోట్లో పెట్టుకుని ఊది పీల్చే కంట్రోలు నోటి ఒత్తిడితో పనిచేస్తుంది, ఊపిరితిత్తుల బలం కాదు. బుగ్గలతోనే ఒత్తిడి పుట్టించవచ్చు కాబట్టి వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లూ వాడగలరు. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో గట్టిగా ఊదితే ముందుకి, గట్టిగా పీల్చితే వెనక్కి, మెల్లగా ఊదితే కుడికి, మెల్లగా పీల్చితే ఎడమకి. గట్టికీ మెల్లకీ మధ్య హద్దు ఎక్కడ పెట్టాలో ఊహించకండి. పదిసార్లు గట్టిగా, పదిసార్లు మెల్లగా ఊదించి ఒత్తిడి అంకెలు రాసుకోండి. మెల్లగా ఊదినవాటిలో పెద్ద అంకెకీ, గట్టిగా ఊదినవాటిలో చిన్న అంకెకీ నడుమ హద్దు పెట్టండి. ఆ రెండూ కలగాపులగం అయిపోతే ఈ పద్ధతి వాళ్లకి సరిపడదు. పెదవులు గొట్టం చుట్టూ గట్టిగా మూసుకోకపోయినా, గాలి ముక్కులోంచి పోతున్నా అలాగే అవుతుంది. గొట్టంలో తేమ చేరితే స్పందన మందగిస్తుంది కాబట్టి గొట్టం, ఫిల్టరు మార్చే రోజులు ముందే రాసిపెట్టుకోవాలి.

ఎంతసేపని ఊదుతూ ఉంటారు? అందుకని ముందుకి వెళ్లే ఆజ్ఞని లాచ్ చేస్తారు. ఒకసారి ఊదితే బండి సాగిపోతూనే ఉంటుంది. వదలడమే బ్రేకు అన్న సూత్రం ఇక్కడ చెల్లదు. అందుకే లాచ్ పెట్టిన బండికి విడిగా ఆపే స్విచ్ ఉండి తీరాలి, అదీ నొక్కనప్పుడు సర్క్యూట్ కలిసి ఉండే రకం. అప్పుడు వైరు తెగినా, పిన్ను ఊడినా నొక్కినట్టే లెక్క, బండి ఆగుతుంది. నొక్కితేనే కలిసే రకం పెడితే వైరు తెగిన సంగతి అవసరం పడిన రోజే తెలుస్తుంది. ఖాళీ స్థలంలో అతి తక్కువ వేగంతో నడిపించి, మధ్యలో ఆ పిన్ను లాగి చూడండి. ఆగకపోతే ఆ బండిని ఎవరికీ ఇవ్వకండి.

తల కంట్రోలులో సాధారణంగా మూడు మెత్తలు, లోపల సెన్సార్లు. వెనక మెత్త ముందుకి నడుపుతుంది, పక్క మెత్తలు తిప్పుతాయి, వెనక్కి నడపాలంటే ముందుకి, వెనక్కి మార్చే మోడ్ స్విచ్ కావాలి. తల దగ్గరికి వస్తే చాలు, నొక్కక్కర్లేదు. కానీ కండరాలు బిగుసుకుని తల వెనక్కి విరుచుకుపోయేవాళ్ల విషయంలో జాగ్రత్త. బిగుసుకున్న ప్రతిసారీ బండి ముందుకి దూకుతుంది. నాకైతే అలాంటివాళ్లకి తల కంట్రోలు సూచించడం నచ్చదు, ముందుకి నడిపే పని వేరే స్విచ్‌కి మార్చగలిగితే తప్ప.

ఇక ప్రోగ్రామింగ్, అంటే కంట్రోలర్‌లో వేగం లాంటి అంకెలు సెట్ చేయడం. మొదటి రోజు ముందుకి వేగం తగ్గించి, తిప్పే వేగం అలాగే వదిలేయడం అందరూ చేసే పొరపాటు. కొత్తవాళ్లు గుమ్మాలకి గుద్దేది తిరిగేటప్పుడే. ముందు తిప్పే వేగం 15 శాతం దగ్గర పెట్టి, ముందుకి వేగం 25తో మొదలుపెట్టి, ఒకసారికి ఒకే అంకె మార్చండి. మార్చే ముందు పాత సెట్టింగుల ఫైలు దాచుకోండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది వేగం తగ్గే తీరు. అది మరీ మెల్లగా ఉంటే వదిలాక కూడా బండి ముందుకే పోతుంది. మరీ చురుగ్గా ఉంటే ఒళ్లు ముందుకి ఊగి, దానితో చెయ్యీ ముందుకి వచ్చి జాయ్‌స్టిక్‌ని మళ్లీ తోస్తుంది. బండి కదులుతుంది, ఒళ్లు వెనక్కి పడుతుంది, చెయ్యి వదులుతుంది, మళ్లీ బ్రేకు. బండి కుదుపులు పడుతూ నడుస్తుంటే నడిపేవారికి చేతకాదని అనకండి. ఛాతీ పట్టీ పెట్టి, మోచేతికి ఆనుడు ఇచ్చి, వేగం పెరిగే, తగ్గే అంకెలు కొంచెం దించండి. వణుకు తగ్గించే సెట్టింగుని మాత్రం చిటికెడే వాడాలి. అది వణుకుతో పాటు అసలు కదలికనీ ఆలస్యం చేస్తుంది, ఆపే ఆజ్ఞని కూడా. వణుకు నడిమి దగ్గరే ఉంటే డెడ్‌బ్యాండ్, అంటే జాయ్‌స్టిక్ కదిలినా బండి పలకని నడిమి జాగా, పెంచడం మేలు.

స్విచ్‌లతో నడిపేవాళ్లకి గైరో (బండి పక్కకి తిరగడాన్ని పసిగట్టే సెన్సారు) ఉన్న, దారి తనే సరిదిద్దే కంట్రోలర్ ఉండాల్సిందే. నేల కాస్త పక్కకి వాలినా బండి అటే లాగుతుంది. జాయ్‌స్టిక్ ఉన్నవాళ్లు తెలియకుండానే సర్దుకుంటారు. స్విచ్ ఉన్నవాళ్లు ప్రతి రెండు అడుగులకీ ఒక నొక్కుడు ఖర్చుపెట్టాలి, సాయంత్రానికి అలిసిపోతారు.

చివరి పరీక్షకి సుద్దముక్క, టేపు చాలు. నేల మీద గీత గీసి, వాళ్లకి పెట్టిన సెట్టింగుల్లో ఉన్న గరిష్ఠ వేగంతో వచ్చి, గీత దగ్గర వదలమనండి. ఆగిన చోటికి దూరం కొలవండి. మూడుసార్లు పొద్దున, మూడుసార్లు సాయంత్రం. సాయంత్రపు అంకెల్లో పెద్దదాన్ని చూసి వేగం ఖాయం చేయండి. పొద్దున బాగా వదిలిన చెయ్యి సాయంత్రం అర సెకను ఆలస్యం చేస్తుంది. గంటకి 6 కిలోమీటర్ల వేగంలో ఆ అర సెకనులో బండి 80 సెంటీమీటర్లు పైనే పోతుంది.