“ఏం కాలే అన్నా” అనేసి వచ్చేశాను

యాసంగి కోతలప్పుడు మా దగ్గర రోడ్ల సంగతి తెలిసిందే, సగం రోడ్డు ఆరబోసిన వడ్లదే. పోయిన ఏప్రిల్‌లో ఒక ఎంగేజ్‌మెంటుకని అమ్మను తీసుకుని హనుమకొండ నుంచి హుజూరాబాద్ వెళ్తున్నాను. ఎల్కతుర్తి దాటాం, పొద్దు గూకుతోంది, ముందు పోతున్న లారీవాడు ఉన్నట్టుండి కుడికి తిప్పాడు, అప్పుడు కనబడ్డాయి నాకు రాళ్లు. వడ్లు ఎత్తుకుపోయారు గానీ చుట్టూ పెట్టిన రాళ్లను అలాగే వదిలేశారు. బ్రేకు తొక్కాను. నేనైతే ఆగాను, వెనకొచ్చే ట్రాలీ ఆటో ఆగలేదు.

అమ్మ ఒళ్లో ఉన్న పళ్ల బుట్ట ఎగిరిపడి ఒక బత్తాయి దొర్లుకుంటూ వచ్చి నా బ్రేకు పక్కన ఆగింది. అంత గందరగోళంలో నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎందుకో తెలియదు. “నాకేం కాలే బిడ్డా, నువ్వు మంచిగున్నవా?” అంది అమ్మ. దిగి చూస్తే డిక్కీ లోపలికి పోయింది, ముందు బంపర్ రాళ్లకు తగిలి పగిలింది. ట్రాలీ నడిపే పిల్లాడికి ఇరవై ఏళ్లుంటాయేమో, “మాఫ్ చెయ్యి అన్నా, బండి ఓనర్‌ది, నా కొలువు పోతది” అని చేతులు పట్టుకున్నాడు. పదిమంది పోగయ్యారు. అందులో ఒక పెద్దాయన “అందరు పానంతోటి ఉన్నరు గదా, ఎంతో కొంత ఇచ్చి పంపియ్యరా” అని తీర్పు చెప్పేశాడు. ఎవరో దెబ్బలేమన్న తాకినయా అని అడిగితే “ఏం కాలే అన్నా” అన్నాను. నాలుగు ఐదువందల నోట్లు జేబులో పెట్టుకుని వచ్చేశాం. ఒక్క ఫోటో లేదు, వాడి పేరు లేదు, బండి నంబర్ కూడా చూడలేదు.

తెల్లారి అమ్మ మెడ తిప్పలేకపోయింది. బెల్టు ఒరుసుకున్న చోట భుజం నుంచి ఛాతీ దాకా నల్లగా కమిలింది. గుద్దుకున్న కంగారులో నొప్పి వెంటనే తెలియదని, మెడ నొప్పులు చాలాసార్లు మర్నాడే బయటపడతాయని డాక్టర్ చెప్పారు. ఎక్స్‌రేలో ఏం లేదు కాబట్టి సరిపోయింది. తలకు దెబ్బ తగిలినవాళ్లకు వాంతులైనా, మగతగా ఉన్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దట, వెంటనే తీసుకెళ్లాలట.

కారు సంగతి ఇంకో కథ. తెలిసిన షెడ్డులో పెట్టేశాను, వాళ్లు బంపర్, డిక్కీ ఊడదీసి 34 వేలు అవుతుందన్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఇన్సూరెన్స్. ఐదో రోజు ఫోన్ చేస్తే నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి మొదట అడిగింది “స్పాట్ ఫోటోలు ఉన్నాయా?” అని. లేవు. మరి ముందూ వెనకా రెండు వైపులా దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు, రాళ్లు, ట్రాలీ అని చెప్తే నమ్మినట్టూ లేడు, నమ్మనట్టూ లేడు. చివరికి ముందు బంపర్ డబ్బులు ఇవ్వలేదు. ఆయన్ను అనడానికేం లేదు, బండి విప్పకముందే చెప్పాల్సింది నేను.

ఇప్పుడైతే ఏం చేస్తానంటే, ముందు నాలుగు ఇండికేటర్లు వేసి మనుషుల్ని రోడ్డు దింపేస్తాను. హైవే మీద మొదటి గుద్దు కంటే ఆగిన బండిని వెనకొచ్చేవాడు గుద్దే రెండోదే ఎక్కువ భయం. హెచ్చరికగా వెనక పెట్టే ఎర్ర ట్రయాంగిల్ లేకపోతే వెనక చెట్టు కొమ్మలు పెట్టండి, రాళ్లు మాత్రం వద్దు, పెట్టినవాళ్లు తీయరని చూశాం కదా. మెడ, నడుము నొప్పి అంటున్న మనిషిని మంటలు గానీ, ఇంకేదైనా పెద్ద ప్రమాదం గానీ ఉంటే తప్ప లాగి బయటికి తీయొద్దు, 108 వచ్చేదాకా కదపకుండా ఉంచాలి. పోలీసులకు 112, నేషనల్ హైవే అయితే 1033 కూడా ఉంది.

ఆ తర్వాత, బండ్లు కదిలించకముందే, ఫోన్‌లో ఒక చుట్టు వీడియో. రెండు నంబర్ ప్లేట్లు, టైర్ల గీతలు, రాళ్లు, పక్కన కిలోమీటరు రాయి, అన్నీ పడాలి. ఎదుటివాడి లైసెన్స్ ఫోటో. ప్రభుత్వం వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో వాడి బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో అక్కడే తెలిసిపోతుంది. తప్పు ఎవరిదని రోడ్డు మీద వాదించొద్దు, నాదే తప్పు అని మర్యాదకు కూడా అనొద్దు, డబ్బులు తీసుకుని కాగితం రాసివ్వొద్దు. ఆ పిల్లాడిని చూసి నాకూ జాలేసింది, నిజమే. కానీ నష్టం కట్టేది వాడి జీతం కాదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, ఒక బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి, అది ఉండేదే అందుకు. అలా క్లెయిమ్ చేయాలంటే, లేదా ఎవరికైనా దెబ్బలు తగిలితే, ఎఫ్ఐఆర్ కావాలి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. సొంత ఇన్సూరెన్స్‌లో గీతలు, సొట్టలకు క్లెయిమ్ చేసేముందు మాత్రం లెక్క చూసుకోండి, ఐదేళ్లు క్లెయిమ్ లేకుంటే వచ్చే 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, ఒక్క బంపర్‌తో పోతుంది.

గుద్దింది మనమే అయితే? మా దోస్తులు చాలామంది “ఆగితే జనం కొడతరు, పోవుడే” అంటారు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ ఆగాలి, దెబ్బతిన్నవాళ్లకు వైద్యం అందేలా చూడాలి. జనం మీదపడి ఆగే పరిస్థితే లేకపోతే ఆ సెక్షన్‌లోనే దానికి మినహాయింపు ఉంది, కానీ వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లి చెప్పాలి. ఇక దారిన పోతూ ఆగి సాయం చేసినవాళ్లను కేసులో ఇరికిస్తారన్నది పాత భయం. 2019 సవరణలో వచ్చిన 134ఏ సెక్షన్ వాళ్లకు రక్షణ కోసమే, పేరు చెప్పడం కూడా వాళ్ల ఇష్టం.

ఆస్పత్రిలో ఏం చెప్తామన్నది ఇంకా ముఖ్యం, అది మా బావ కేసులో చూశాను. పరకాల రోడ్డులో ఆయన బండిని ఒక కారు గుద్దింది, కాలు విరిగింది. కారతను మంచిగానే ఆస్పత్రికి తెచ్చాడు, ఖర్చు నాదే అన్నాడు, “యాక్సిడెంట్ అంటే కేసైతది, బండి జారి పడ్డరని రాయించుండ్రి” అని చెవిలో చెప్పాడు. మా అక్క సరే అంది. యాక్సిడెంట్ అని చెప్తే డాక్టర్లు మెడికో లీగల్ కేసు రాసి పోలీసులకు కబురు పంపేవాళ్లు, అదే రేపు మనకు సాక్ష్యం. 2025లో కేంద్రం తెచ్చిన స్కీమ్‌లో గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో వారం రోజుల దాకా లక్షన్నర వరకు క్యాష్‌లెస్ వైద్యం కూడా రోడ్డు ప్రమాదం అని నమోదైతేనే. అవేవీ మాకు తెలియదు.

రెండో ఆపరేషన్ అనేసరికి కారతను ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడు స్టేషన్‌కు, అక్కణ్నుంచి వకీలు దగ్గరికి పరుగెత్తారు. ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయడానికి చట్టంలో ఆరు నెలలని ఉంది, ఎలాగో గడువులోపే వేశారు. ఇన్సూరెన్స్ వకీలు మాత్రం ఒక్క కాగితమే పట్టుకున్నాడు, అడ్మిషన్ షీటు. “బైకు జారి పడినట్లు భార్య తెలిపారు” అని ఉంది దాంట్లో. వాయిదాకు వెళ్లొచ్చిన ప్రతిసారీ అక్క దాని జిరాక్స్ తీసి ఆ ఒక్క లైను చదువుకుని మళ్లీ కవర్లో పెడుతుంది.