గొర్రెల గుమ్మం దగ్గర ఆగిపోయా

"ఎల్యాషీబు" దగ్గరే నాలుక మడతపడింది. ఇవాళ పిన్ని వాళ్లింటి ప్రార్థనలో బైబిల్లోని నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చదివే వంతు నాది. మొత్తం పేర్లే! పక్కన పిన్ని కొంగు అడ్డుపెట్టుకుని నవ్వుతోంది.

తీరా చూస్తే ఆ ఎల్యాషీబు ప్రధాన యాజకుడు, అంటే పెద్ద పూజారి. యెరూషలేము గోడ కట్టినవాళ్ల లిస్టులో మొదటి పేరే ఆయనది. తోటి యాజకులతో కలిసి ఆ గోడకున్న గొర్రెల గుమ్మం అనే ద్వారం కట్టాడు. కంసాలులు, అత్తరు చేసేవాళ్లు కూడా రాళ్లెత్తారు. తెకోవ అనే ఊరి పెద్దమనుషులు మాత్రం పనికి వంగలేదట. (ప్రతి ఊళ్లోనూ ఉంటారు కదా!) గోడ 52 రోజుల్లో పూర్తయింది.

ఇంటికొచ్చి 8వ అధ్యాయం కూడా తీశాను. బబులోనులో బందీలుగా ఉండి తిరిగొచ్చిన యూదుల జనం అది. నీటి గుమ్మం ముందు ఎజ్రా అనే యాజకుడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. ఆలయ సేవ చేసే లేవీయులు అర్థం విడమర్చి చెప్పారు. వింటూ వింటూ అందరూ ఏడ్చేశారు.

అప్పుడు ఉపవాసం పెడతారనుకుంటాం. కాదు. ఏడవకండి, ఇళ్లకెళ్లి కమ్మగా తినండి, తియ్యగా తాగండి, ఏమీ వండుకోనివాళ్లకి పంపండి అన్నారు ఎజ్రా వాళ్లు.

ఇదే ఎజ్రా ఇంకోచోట యూదుల్ని వాళ్ల అన్యజాతి భార్యల్ని వదిలేయమన్నాడు. పిల్లలతో సహా పంపేస్తామని వాళ్లు ఒట్టేశారు. ఆ పేజీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పిన్ని ఇచ్చిన కేసరి డబ్బా ఇంకా టేబుల్ మీదే ఉంది. నెయ్యి గడ్డకట్టేలోపు సగం తీసి కింద వాచ్‌మన్ వాళ్లింట్లో ఇచ్చొస్తా.