ఊ కొడితేనే సాగే కథ

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను తెలుగు చెప్తాను. పిల్లల్ని సొంతంగా కథ రాయమంటే గైడులోది దించేస్తారు. అదే పిల్లలు ఇంటర్వెల్లో చెట్టుకింద చేరి చెప్పుకునే కబుర్లు వింటే ముచ్చటేస్తుంది, ఎందుకంటే ఎదుటివాడు మధ్యలో ‘అప్పుడేం చేశావురా?’ అని అడుగుతుంటాడు. మా అమ్మమ్మ కూడా మేం ఊ కొడితేనే కథ ముందుకు నడిపేది. ఆ ఊ కొట్టేవాడికి కథలో చోటివ్వాలని పోయినేడాది ఎనిమిదో తరగతితో ట్వైన్‌లో కథలు చేయించాను. క్రిస్ క్లిమాస్ అనే ఆయన 2009లో తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఒక్కో సన్నివేశం ఒక్కో పెట్టె. పెట్టెకీ పెట్టెకీ లింకు. చదివేవాళ్లు ఏది నొక్కితే కథ అటు పోతుంది.

మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముట్టుకోలేదు. నేలమీద చార్టు ముక్కలు పరిచి, వాటి మధ్య దారం వేశాం. కథ ఇది: వానాకాలం సాయంత్రం, మేక తప్పిపోయింది. వెతకడానికి చెరువు గట్టు మీద వెళ్లాలా, రైలు కట్ట వైపా? అన్ని గుంపులూ ఒకేలా రాశాయి. గట్టు మీద వెళ్తే మేక దొరుకుతుంది, కట్ట వైపు వెళ్తే అమ్మ కొడుతుంది. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. పరీక్షల్లో బిట్లు పెట్టీ పెట్టీ ఈ అలవాటు మనమే చేశాం. "ఇలాగైతే కట్ట వైపు ఎవరు వెళ్తారర్రా?" అన్నాను.

వెనక కూర్చున్న ఒకమ్మాయి మెల్లగా చెప్పింది. "కట్ట వైపు వెళ్తే మేక దొరకదు మేడమ్. కానీ అక్కడ నాన్న పేకాడుతూ కనబడతాడు. మానేశానని అమ్మకి ఒట్టేశాడు. ఇంటికెళ్లి అమ్మకి చెప్పాలా, వద్దా?"

క్లాసంతా నిశ్శబ్దం. దారి అంటే ఏంటో ఆ రోజు నేను మళ్లీ చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత ల్యాబు. పనిచేసేవి 7 సిస్టమ్‌లు, పిల్లలు 34 మంది. టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో నేర్పాను. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. ‘అక్క’ కొట్టాలంటే అ, తర్వాత క, పొల్లు, మళ్లీ క. వత్తు అలా పుడుతుందని వేళ్లతో తెలిశాక, డిక్టేషన్‌లో వత్తులు వదిలేసే పిల్లలు కూడా సర్దుకున్నారు. లింకు కావలసిన మాటకి అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే ఆ పేరుతో కొత్త పెట్టె దానంతటదే వస్తుంది. ఒకడు ఒకచోట ‘చెరువు’ అనీ ఇంకోచోట ‘చెర్వు’ అనీ కొట్టాడు. ఖాళీ పెట్టె ఒకటి పుట్టుకొచ్చి కథ అక్కడ ఆగిపోయింది. స్పెల్లింగ్ తప్పుకి నేను ఎర్ర సిరా పెట్టిన దానికంటే ఆ ఖాళీ పెట్టె బాగా పనిచేసింది.

ఒక దెబ్బ గట్టిగానే తగిలింది. మేం ట్వైన్‌ని బ్రౌజర్లోనే వాడాం. అలా వాడితే కథలు ఆ సిస్టమ్‌లోని బ్రౌజర్లోనే దాగి ఉంటాయి. రిపేరుకొచ్చినాయన బ్రౌజర్ డేటా మొత్తం తుడిచేశారు. మూడు గుంపుల పని పోయింది, ఇద్దరు పిల్లలు ఏడ్చారు. చార్టు ముక్కలు పారేయలేదు కాబట్టి మళ్లీ కొట్టుకున్నాం. ఆ రోజు నుంచి బెల్లు కొట్టేలోపు ప్రతి గుంపూ కథలన్నీ కలిపి దాచే ఆర్కైవ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేయాల్సిందే. మీరు మొదలుపెడితే ఈ పని మొదటి రోజే చేయండి.

చివరికి క్లాసులో ఉన్న పెద్ద తెర, ప్యానెల్ బోర్డు మీద ఒక్కో కథా తెరిచాం. పేకాట కథ వచ్చేసరికి ‘చెప్పాలి’, ‘వద్దు’ అని క్లాసు రెండుగా చీలి అరిచింది. ‘చెప్తాను’ నొక్కితే నాలుగు సన్నివేశాలు వచ్చాయి. ‘చెప్పను’ నొక్కితే ఖాళీ పెట్టె. స్పెల్లింగ్ తప్పేమోనని చూశాను, కాదు.

"అది ఇంకా ఆలోచిస్తున్నా మేడమ్," అంది ఆ అమ్మాయి.

ఆ పెట్టె అలాగే ఉండనిచ్చి పూర్తి మార్కులు వేశాను.