చాయ దొరికితే సగం పాట అయినట్టే

చెన్నైలో తెలుగు ఆరాధన జరిగే చర్చిలో కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం కనిపిస్తాయి. చాలా పాటలకు వాటి పక్కనే ‘చాయ’ అని ఇంకో పాట మొదటి మాటలు ఉంటాయి. ఆ పాట వరుసలో దీన్నీ పాడుకోమని అర్థం. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా కాలేజీ పాటలు చాలావరకు పుట్టింది ఈ పద్ధతిలోనే. వాటిని రాసిన కుర్రాళ్లు సంగీతం కట్టినవాళ్లు కారు. జనం నోట నానుతున్న వరుస ఒకటి పట్టుకుని, దాని మీద మాటలు కూర్చారు. మన కాలేజీలకు తెలుగులో పాట కట్టాలన్నా ఈ దారి పట్టొచ్చు.

అన్నిటికంటే మంచి ఉదాహరణ కార్నెల్ పాట. 1870 ప్రాంతంలో ఒకే గదిలో ఉండే ఆర్చిబాల్డ్ వీక్స్, విల్మట్ స్మిత్ అనే ఇద్దరు విద్యార్థులు రాశారు. చాయ ‘ఆనీ లైల్’. 1857లో హెచ్. ఎస్. థాంప్సన్ కట్టిన ఆ పాట చనిపోతున్న ఒక అమ్మాయి మీద. చావు పాట వరుసలో కాలేజీకి జేజేలా అని మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, వరుస తేలిక, ఎవరి గొంతుకైనా పలుకుతుంది. అందుకే 1891లో కాన్సస్, 1893లో సిరాక్యూస్, 1897లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాలు అదే వరుస ఎత్తుకున్నాయి. యేల్ పాటదీ ఇదే దారి: 1881లో హెన్రీ డ్యూరాండ్ మాటలు, జర్మన్ దేశభక్తి గీతం ‘డీ వాఖ్ట్ ఆమ్ రైన్’ వరుస.

ఇక్కడ చాలామంది తేదీల దగ్గర తప్పటడుగు వేస్తారు. పాత పాటల పుస్తకాల్లో రాసినవాళ్ల పేరు పక్కన ఉండే సంవత్సరం పాట పుట్టింది కాదు, ఆ మనిషి బ్యాచ్ పట్టా పుచ్చుకున్నది. వీక్స్ 1872 బ్యాచ్, స్మిత్ 1874 బ్యాచ్. ప్రిన్స్‌టన్ పాట రాసిన హార్లన్ పెక్ 1862 బ్యాచ్, రాసింది మాత్రం 1859లో. హార్వర్డ్ పాట సంగతి ఇంకా వేరు. 1836లో ద్విశతాబ్ది ఉత్సవానికి దాన్ని రాసిన శామ్యూల్ గిల్మన్ 1811 బ్యాచ్. అప్పటికి చదువు ముగిసి పాతికేళ్లు, చార్ల్స్‌టన్‌లో పాస్టరు. విద్యార్థి పాటల లెక్కలో దాన్ని కలపడం నాకు ఒప్పుదల కాదు.

చాయ కుదరడమంటే అక్షరాల లెక్క కుదరడం. ప్రిన్స్‌టన్ పాట పాదాల్లో 8, 6, 8, 6 అక్షరాలు. ‘ఆల్డ్ లాంగ్ సైన్’ అనే స్కాట్లాండ్ పాట లెక్కా అదే, కాబట్టి మొదట ఆ వరుసకే పాడి చూశారు. లెక్క సరిపోయినా పాట రక్తి కట్టలేదు. చివరికి అక్కడే జర్మన్ చెప్పే కార్ల్ లాంగ్‌లాట్జ్ కొత్త వరుస కట్టాడు. లెక్క కుదిరితే చాలదన్నమాట.

కార్నెల్ లెక్క 8, 5, 8, 5. తాళం దెబ్బ మొదటి అక్షరం మీదే పడుతుంది, తర్వాతిది తేలిక, మళ్లీ దెబ్బ. ఈ వరుసకు తెలుగు మాటలు కూర్చాలంటే దెబ్బ మీద గురువు (బరువైన అక్షరం), తేలిక చోట లఘువు (పొట్టి అక్షరం) రావాలి. గల, గల, గల, గల. ఛందస్సు చదివినవాళ్లకు ఇది తెలిసిందే, సూర్యగణంలోని హగణం. ‘పాత చెట్టు నీడలోన / కూడినాము మేం’ అని పాడి చూడండి, ఎక్కడా తట్టుకోదు. అదే ‘కళాశాల’తో ఎత్తుకోండి. దెబ్బ ‘క’ మీద పడి ‘కాళశాల’ అయి కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఊనిక అటూ ఇటూ జరిగినా మాట బతుకుతుంది. మనకు కల వేరు, కాల వేరు. రాగం తీసి పాడేటప్పుడు ఇది పట్టింపుకు రాదు గానీ, స్వరానికో అక్షరం చొప్పున వందమంది కలిసి పాడేటప్పుడు చెవికి గుచ్చుకుంటుంది. ‘పాఠశాల’ అంటే చక్కగా ఒదుగుతుంది.

‘చదువు’ లాంటి మూడు లఘువుల మాట వదులుకోలేం కదా. అక్కడ దెబ్బ పడే స్వరాన్ని రెండు ముక్కలు చేసి ‘చదు’ను దాని మీద, ‘వు’ను తేలిక స్వరం మీద వేయాలి. పాదానికి ఒకటి చాలు. రెండోది పెడితే గుంపులో సగంమంది వెనకబడతారు.

ప్రిన్స్‌టన్ తరహా వరుసలతో చిక్కు ఇంకోటి. పాట దెబ్బకు ముందే, తేలిక అక్షరంతో మొదలవుతుంది. లఘువు వెంటనే గురువు వచ్చే మాటలు తెలుగులో ఇలా, అలా, ఎలా వంటివి కొన్నే. మిగతావాటికి సంస్కృతం వైపు చూడాలి. దానికి బదులు మొదట్లో ఉన్న ఆ తేలిక స్వరాన్ని మింగేసి దెబ్బతోనే ఎత్తుకోవడం నయం. అప్పుడు లెక్క 7, 5 అవుతుంది.

మన విద్యార్థి కవులు చేయి తిరిగినవాళ్లే, కాకపోతే పద్యం వైపు. కట్టమంచి రామలింగారెడ్డి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటూ పోటీ కోసం రాసిన ‘ముసలమ్మ మరణం’ 1900లో అచ్చయింది. అయితే పద్యం ఒక్క గొంతుది. గుంపుగా పాడేందుకు కాదు.

మాటల్లో ఇంకో విషయం. ఆ పాటల్లో కొన్ని మగపిల్లల కాలేజీలవి కాబట్టి వాటిలో ‘నీ కొడుకులం’ అన్న ధోరణి ఉండేది. తర్వాత దిద్దుకోవాల్సి వచ్చింది: ప్రిన్స్‌టన్ 1987లో, హార్వర్డ్ 1998లో. తెలుగులో ‘మేము’ అంటే ఆ బాధే లేదు, ‘కూడినాము’ ఆడామగా ఇద్దరికీ సరిపోతుంది.

చివరి స్వరం మీద కాలేజీ పేరు ఖంగుమనాలి. కార్నెల్, యేల్ పాటలు అలాగే ముగుస్తాయి; యేల్‌లో ఆ ఆఖరి పాదానికి రుమాళ్లు ఊపుతారు. మన చెన్నై కాలేజీల పేర్లలో ‘పచ్చయప్ప’ గల గల, ఎనిమిది అక్షరాల పాదంలో ఎక్కడైనా ఇముడుతుంది గానీ లఘువుతో ఆగుతుంది, ముగింపుకు పనికిరాదు. క్రిస్టియన్ కాలేజీ 1937లో జార్జిటౌన్ వదిలి తాంబరం చేరడం పాట కట్టేవాళ్లకు కలిసొచ్చింది: ‘మాది తాంబరం’ సరిగ్గా అయిదు అక్షరాలు, చివర గురువు. ‘ప్రెసిడెన్సీ’ మాత్రం మొండికేస్తుంది. ‘ప్రెసి’ని ఒక దెబ్బలో కుక్కినా ‘డెన్’ తేలిక చోట పడి బరువెక్కుతుంది. ఆ పేరును పాటలోకి లాగకుండా, పాట అయ్యాక మూడుసార్లు కేకగా వేయించడమే మేలు.