మచ్చ తీసేయాలా వద్దా అని ఎవర్ని అడగాలి?

కూతురికి సంబంధాలు చూస్తున్నారు. బయోడేటాతో పాటు వాట్సాప్‌లో పంపడానికి ఒక మంచి ఫోటో కావాలని తల్లీకూతుళ్ళు కొత్తపేటలో మా స్టూడియోకి వచ్చారు. చిన్నప్పుడు వేడి గంజి ఒలికి అమ్మాయి ఎడమ చెంప నుంచి చెవి దాకా కాలింది. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. నేను లైట్లు సర్దుతుంటే తల్లి దగ్గరకొచ్చి, "బాబూ, అది కనపడకుండా చేసెయ్యి, ఎంతైనా ఇస్తాను" అంది మెల్లగా. అమ్మాయి అద్దం ముందు జడ సర్దుకుంటోంది. ఆ మాట విందనే అనుకుంటున్నాను.

ఈ మాట మా పనిలో కొత్తదేం కాదు. నాకు పని నేర్పిన గురువుగారు ఫిల్మ్ రోజుల్లో నెగెటివ్‌ని వాలుగా పెట్టుకుని, వెనకనుంచి వెలుతురు పడేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దాని మీద గీసేవారు. మొహం మీద నల్లగా ఉండే ముడత నెగెటివ్‌లో పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ పొడి నిండితే ప్రింటులో ఆ చోటు తేలికపడుతుంది. కళ్ళు లాగేసే పని కాబట్టి ఊరికే ఎవరి మొహాన్నీ ముట్టుకునేవారు కాదు. 2002లో ఫోటోషాప్ 7తో మచ్చల్ని చెరిపే హీలింగ్ బ్రష్ వచ్చాక అదే పని నిమిషాల్లోకి దిగింది. ఇప్పుడు ఫోన్లో బ్యూటీ మోడ్ అయితే మనల్ని అడగను కూడా అడగదు.

మొటిమ, దోమకాటు, గడ్డం గీసుకున్నప్పుడు పడ్డ గాటు లాంటివి ఎవర్నీ అడక్కుండా తీసేస్తాను. నాలుగు రోజులు పోతే అవి ఎలాగూ ఉండవు. ఎప్పటికీ ఉండేవాటి సంగతి వేరు. పుట్టుమచ్చ, కుట్ల గీత, గ్రహణం మొర్రి ఆపరేషన్ గుర్తు, బొల్లి, ఇవన్నీ ఆ మనిషిని మనం గుర్తుపట్టే తీరులో భాగం. మన పదో తరగతి సర్టిఫికెట్‌లోనే గుర్తుల కింద పుట్టుమచ్చలు రాస్తారు. మా క్లాసులో ఒకడికి రెండో మచ్చ దొరక్క మాస్టారు చొక్కా విప్పించి మరీ వెతికారు!

తల్లికి టీ తెప్పించి బయట బల్ల మీద కూర్చోబెట్టాను. అమ్మాయికి మచ్చ గురించి అడగకుండా, "నీ ఫోటో ఎలా ఉండాలనుకుంటున్నావమ్మా? దేన్నైనా తగ్గించమంటావా, ఉన్నదున్నట్టు ఉంచమంటావా?" అన్నాను. ఆమె తడుముకోలేదు. "ఉంచండి అన్నయ్యా. ఇంటికొచ్చి చూశాక మొహం మాడ్చుకునేవాళ్ళు ఫోటో దగ్గరే మాడ్చుకుంటే మాకు స్వీట్ల ఖర్చు మిగులుతుంది" అంది. తర్వాత కాస్త ఆగి, "ఎండలో ఎర్రబడింది, ఆ ఎరుపు మాత్రం తగ్గించండి" అంది.

నిజానికి ఫోటోషాప్ కంటే ముందే లైటుతో సగం పని అయిపోతుంది. పక్కనుంచి గట్టి లైటు పడితే మచ్చలోని ప్రతి గతుకూ నీడ వేసుకుని ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అది కూడా అబద్ధమే. లైటుకి తెల్లగుడ్డ అడ్డం పెట్టి వెలుతురుని మెత్తబరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ని ముందువైపు, కళ్ళకంటే కొంచెం ఎత్తులో పెడితే ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఎలా కనిపిస్తుందో అలా వస్తుంది. మన కోనసీమ ఉక్కపోతలో ఇంకో బాధ ఉంది. కాలిన చర్మం నున్నగా ఉండి, చెమట పట్టగానే అద్దంలా మెరుస్తుంది. పౌడరు అద్ది ఆ మెరుపు తగ్గించాను. కొబ్బరితోటలో తీద్దామని తల్లి అడిగింది గానీ నేనే వద్దన్నాను. ఆకుల మధ్యనుంచి వచ్చే వెలుతురు మొహం మీద పచ్చగా పడుతుంది. ఆ రంగులో ఎర్ర మచ్చ మట్టిరంగుకి తిరిగి ఇంకా ముదురుగా కనిపిస్తుంది.

కంప్యూటర్లో చర్మం రంగుని ఒక లేయర్‌లోకి, గరుకుదనాన్ని ఇంకో లేయర్‌లోకి విడగొట్టే పద్ధతి ఉంది. రంగు లేయర్‌లో ఎరుపు కొంచెం తగ్గించి, గరుకు లేయర్‌ని ముట్టుకోకుండా వదిలేశాను. మచ్చ మచ్చలాగే ఉంది, ఎండదెబ్బ మాత్రం పోయింది.

తల్లి ఒప్పుకోలేదు. "ముందు మనుషులంటూ గుమ్మం తొక్కితే కదా బాబూ, పిల్ల ఎంత మంచిదో తెలిసేది" అంది. ఆ మాటలో నిజం లేదని నేననను. ఫోటో చూసి పక్కన పడేసేవాళ్ళు ఎందరో ఆవిడకి తెలుసు, నాకు తెలియదు. కానీ అమ్మాయి పక్కనే నిలబడి వద్దంటుంటే నేను చెయ్యలేనన్నాను. డబ్బు ఇచ్చి, ముఖం చిట్లించుకునే వెళ్ళింది. వేరే స్టూడియోలో తీసేయించుకుందేమో కూడా.

ఆ తర్వాత ముమ్మిడివరం వైపు ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. ఆల్బమ్ డిజైన్ బయట ఇస్తాం. వందల ఫోటోలు కదా, డిజైనర్ చర్మాన్ని దానంతటదే నున్నగా చేసేసే స్కిన్ స్మూత్ ప్లగ్ఇన్ పెట్టి అన్నిటి మీదా ఒక్క దెబ్బతో నడిపేశాడు. పెళ్ళికొడుకు మామ్మగారి మొహం మీద పెద్దమ్మవారు పోసిన గుంటలు ఉన్నాయి. మశూచి మన దేశంలో చివరిసారి కనిపించింది 1975లో, పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది 1977లో. అలాంటి మొహాలు ఇక ఆ తరంతోనే సరి. ఆల్బమ్‌లో ఆవిడ చెంపలు మైనం పూసినట్టు వచ్చాయి. మామ్మగారు కళ్ళజోడు సవరించుకుని, "ఈవిడెవరే, నా చీర కట్టుకుంది?" అంది. ఇల్లంతా నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు, "మా ఆవిడ ఫోటో వెయ్యవయ్యా" అన్నాడు. ఒరిజినల్స్ నా దగ్గర ఉన్నాయి కాబట్టి ఆ షీట్లు మళ్ళీ వేయించాం. ఖర్చు నేనూ డిజైనరూ చెరిసగం.

ఇప్పుడు బుకింగ్ కాగితంలోనే ఒక వరుస పెట్టాను. శాశ్వతంగా ఉండే గుర్తుల్ని ముట్టుకోం, ఎవరైనా తమ మొహం వరకు మార్చమంటే మారుస్తాం. అందరికీ అదే చదివి వినిపిస్తాను, మచ్చ లేనివాళ్ళకి కూడా. ఒక్కరినే పక్కకి పిలిచి అడిగితే అడగడమే వేలెత్తి చూపినట్టవుతుంది. డిజైనర్‌కి పంపే ఫోల్డర్‌లో ఏ మొహం మీద ప్లగ్ఇన్ నడపకూడదో రాసి పెడుతున్నాను. పాస్‌పోర్టు, వీసా ఫోటోల్లో అయితే మొటిమ కూడా తియ్యను. అక్కడ ఎవరో మొహం పక్కన ఫోటో పెట్టి పోల్చి చూస్తారు.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి, నార్వేలో 2022 నుంచి రీటచ్ చేసిన ప్రకటనల మీద ఆ సంగతి రాయాలని చట్టాలున్నాయి. అవి ప్రకటనల గురించి. మన షష్టిపూర్తి ఫోటోకి ఏ చట్టమూ అడ్డం రాదు. ఆ మధ్య పెదవుల చుట్టూ బొల్లి ఉన్న ఒకాయన తన షష్టిపూర్తి ఫ్లెక్సీలో అది పూర్తిగా తీసేయమన్నాడు. మారుమాట లేకుండా తీసేశాను. మొహం ఆయనది. సెంటర్లో నాలుగు రోజులు దారిన పోయేవాళ్ళంతా దేన్ని చూడాలో చెప్పుకునే హక్కు ఆయనకుంది. నేను నీతులు చెప్పడానికి ఎవర్ని?

చిన్నపిల్లల దగ్గరే ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మొదటి పుట్టినరోజుకి పాప నుదుటి మీద పుట్టుమచ్చ తీసేయమంటారు తల్లిదండ్రులు. పాపని అడగలేం. ప్రస్తుతానికి రెండు రకాలూ ఇచ్చి, తల్లిదండ్రుల చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు ముట్టుకోని ఫైలు ఏదో చూపిస్తున్నాను.

రీటచింగ్‌కి ఫోటోకి ఇంత అని విడిగా తీసుకోవడం మాత్రం మానేశాను. ఆ లెక్క పెట్టుకుంటే కస్టమర్ కూర్చోగానే మన కన్ను మొహం మీద బేరం వెతుకుతుంది. రావులపాలెంలో తోటి ఫోటోగ్రాఫర్ ఒకాయన ఇది విని, "నీకు ఇల్లు గడవక్కర్లేదా ఏంటి?" అన్నాడు. షూట్ రేటు కొంచెం పెంచానని చెప్పాను. ఎంత పెంచావని అడిగాడు గానీ ఆయనింకా పాత పద్ధతిలోనే ఉన్నాడు.